మట్టం గొట్టం

పర్లాకిమిడిలో తెల్లారి బస్సెక్కి వచ్చాను,
ముప్పై ఒక్కేళ్ళు కుళాయిలు బిగించిన చేతుల్తో.
సంచిలో రెండు రెంచీలు, జనపనార, సఫేదా డబ్బా,
పదిహేను మీటర్ల తెల్లటి గొట్టం.
రిటైరయ్యాక మా ఆవిడ పారెయ్యమన్నది ఇదే.

గుమ్మ దాటాక, కొండ జారి ఊరు పోయినవాళ్ళని
చదును చేసిన ఎర్రమట్టి మీద కూర్చోబెట్టారు.
నలభై ఆరు రేకుల ఇళ్ళు. గోడల మీద అంకెలు.
తలుపులన్నీ ఒకే వైపు చూస్తున్నాయి
ఫొటోకి నిలబెట్టినట్టు.
నల్ల పైపు వేసి రెండు నెలలైంది.
కుళాయి తిప్పితే ఒక దగ్గు, ఒక చీమ. అంతే.

"ఊట పైనుంది, ఇళ్ళు కిందున్నాయి,
మరి రావడానికేటి రోగం?" అన్నాడు కంట్రాక్టరు మనిషి,
నీళ్ళ దగ్గర బయానా ఇచ్చి మోసపోయినట్టు.

ఎస్తేరు రైతాని నాకు తోడిచ్చారు.
పదో తరగతి తప్పింది. జీడిపిక్కలు ఒలిచి
వేళ్ళ చివర్లు నల్లగా కాలిపోయాయి.
తెలుగు సంతలో నేర్చింది, సగం బేరాలే.
గొట్టం నిండా నీళ్ళు పోసి ఒక కొస ఆమెకిచ్చాను.
బుడగ ఉండకూడదు. బొటనవేలు తియ్యి. ఇప్పుడు చూడు.
గట్టుకి అవతల ఆమె, ఇవతల నేను,
ఒకరికొకరం కనబడం.
అయినా ఆమె కొసలో నీళ్ళూ నా కొసలో నీళ్ళూ
ఒకే ఎత్తున ఆగాయి.
నవ్వింది. అది వినబడింది.

ప్రార్థన పాటల నోటుబుక్కు వెనకట్ట మీద
అంకెలు రాసుకుంటూ దిగింది కొండంతా.
పనసచెట్టు దగ్గర పైపు ఒంటె మూపులా లేచి పడింది.
చెవి పెట్టమన్నాను. తట్టమన్నాను.
ఇక్కడ చప్పుడు గట్టి, ఇక్కడ బోలు.
గాలి తేలికదే, కానీ ఎత్తులో కూర్చుంటే
పెద్ద అధికారిలా కదలదు.
కన్నం తనే వేసింది. అరనిమిషం బుస,
బురద, ఒక కప్పపిల్ల, తర్వాత నీళ్ళు.
పిల్లలు బిందెలు వదిలేసి నెత్తులు పెట్టారు.

నా పని అయిపోయిందనుకుని బీడీ ముట్టించాను.
అప్పుడొచ్చింది వాళ్ళ అమ్మమ్మ సుంబారి.
సవర మాటలో చాలాసేపు తిట్టింది.
ఎస్తేరు నాకు కొంచెమే చెప్పింది:
"ఈ ఊట చైత్రంలో చచ్చిపోద్దంట.
జీలుగు చెట్టు కిందది చావదంట.
ఎండల్లో పీతలు అక్కడికే పోతాయంట."
నా నక్షాలో పీతలు లేవు.
ముప్పై ఒక్కేళ్ళలో ఏ నక్షాలోనూ పెట్టలేదు.
పెన్సిలు తీసి, చెట్టు దగ్గర
చిన్న కన్నం గీశాను, దానికి రెండు డెక్కలు.

జీలుగు ఊట నుంచి మళ్ళీ గొట్టం పట్టాం.
నలభై ఇళ్ళకి దర్జాగా ఎక్కుతుంది.
పై వరస ఆరిళ్ళకి అరమీటరు తక్కువ.
ఎస్తేరు మళ్ళీ కొలిచింది. మళ్ళీ.
నాలుగోసారి అంకె పైకి చెప్పలేదు,
గొట్టం కొస బొటనవేలితో మూసి నిలబడింది.
గోడ మీద నలభై మూడు. వాళ్ళిల్లు.

నీళ్ళకి జాలి లేదమ్మా అందామనుకున్నాను.
అనలేదు. అలాంటి మాటలు బస్సులో బాగుంటాయి.
"తొట్టి కిందే కట్టండి" అంది తనే,
"మేం దిగి తెచ్చుకుంటాం."
సుంబారి మళ్ళీ తిట్టింది. ఈసారి ఎవర్నో తెలీదు.

ఆఖరి బస్సు హారను కొడుతుంటే
గొట్టం చుట్ట చుట్టి ఆమె భుజాన వేశాను,
చిన్న రెంచీ కూడా.
ఇంటికెళ్ళాక మా ఆవిడ సంచి తడిమి ఏమీ అనలేదు.

జీడిపూత రాలే రోజుల్లో ఫోను.
పక్క శిబిరంలోనూ కుళాయి దగ్గిందట,
మూపు తనే వెతికిందట, కన్నం వేసిందట,
అక్కడి ఇద్దరు పిల్లలకి చెవి పెట్టడం నేర్పిందట.
"గొట్టం చాలట్లేదు మేస్త్రీ, పొడుగుది పంపు."
పంపుతానన్నాను.
ఆరిళ్ళ సంగతి నేనడగలేదు.
ఆమె చెప్పలేదు.
లైన్లో కాసేపు
గాలి.